అనసూర్య మేడం అడిగిన రెండేళ్లు

పెద్దపల్లి శివారులో, వరి పొలాల మధ్య ఉన్న ఆ ప్రైవేటు బడిలో ఆడపిల్లల హాస్టల్‌కు ఇరవై రెండేళ్లుగా అనసూర్యే వార్డెన్. పిల్లలు ఆమెకు చాటుగా పెట్టుకున్న పేరు సీఐడీ మేడం. ఆ సంగతి ఆమెకూ తెలుసు, పట్టించుకునేది కాదు. పిల్లను చూడటానికి సొంత మేనమామ వచ్చినా సరే, గేటు దగ్గరే నిలబెట్టి, ఆధార్ కార్డు అడిగి, ఇంటికి ఫోన్ చేసి, అటువైపు తల్లి గొంతు విన్నాకే లోపలికి పంపే మనిషి.

పుట్టుకతో ఆమె అట్లాంటిది కాదు. మంథనిలో నలుగురు అక్కచెల్లెళ్ల మధ్య నవ్వుతూ తుళ్లుతూ పెరిగింది. వార్డెన్‌గా చేరిన మూడో ఏట ఒకడు వచ్చాడు. ఐదో తరగతి పిల్లకు చిన్నాయననని చెప్పి, తండ్రి రాసినట్టున్న చీటీ చూపించాడు. అనసూర్య చీటీ చదివి పిల్లను పంపించింది. గంట తిరక్కముందే అసలు తండ్రి ఫోన్ చేశాడు. సాయంత్రానికి ఆ పిల్ల పెద్దపల్లి రైల్వే స్టేషన్లో ఛాయ్ అమ్మే ఆవిడ పక్కన ఏడుస్తూ దొరికింది. ఏడుపు చూసి అనుమానమొచ్చి ఆవిడ నిలదీస్తే వాడు పారిపోయాడట. పిల్లకు ఏమీ కాలేదు. కానీ ఆనాటి నుంచి అనసూర్య ఎవరు చెప్పిందీ ఒక్కసారికే నమ్మడం మానేసింది.

అది జరిగిన పందొమ్మిదేళ్లకు, నవంబర్‌లో, బడి కరెస్పాండెంట్ శ్యాంసుందర్‌కు కొత్త ఆలోచన పుట్టింది. కరీంనగర్ పెద్ద బడులు పిల్లలతో గుట్టలెక్కిస్తున్నాయి, అడవుల్లో గుడారాలు వేయిస్తున్నాయి. మన బడికీ అవన్నీ నేర్పే మనిషి కావాలని పేపర్లో ప్రకటన వేయించాడు. ఆడపిల్లలు కూడా వెళ్తారు కాబట్టి ఇంటర్వ్యూలో అనసూర్యనూ కూర్చోబెట్టాడు. ముగ్గురు వచ్చారు. మొదటివాడికి మేడ మెట్లెక్కేసరికే ఆయాసం. రెండోవాడు పని ఏమిటో అడగకముందే సెలవులు ఎన్నని అడిగాడు. మూడోవాడు పరశురాములు.

గోదావరిఖని మనిషి. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. నలభైకి దగ్గరపడిన వయసు, గట్టి ఒళ్లు, తక్కువ మాట. గుట్టలెక్కడంలో శిక్షణ పొందినట్టు ఒక సర్టిఫికెట్, ప్రథమ చికిత్సకు ఇంకొకటి తెచ్చాడు. గల్ఫ్‌లో ఒక హోటల్ ఈత కొలను దగ్గర లైఫ్ గార్డ్‌గా చేశాడు. తిరిగొచ్చాక ఆదిలాబాద్ అడవులు చూడవచ్చేవాళ్లకు దారి చూపిస్తూ బతుకుతున్నాడు. శ్యాంసుందర్ ముఖం వెలిగిపోయింది. అనసూర్య మాత్రం హోటల్ వాళ్లిచ్చిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"రెండువేల పద్నాలుగుల పోయిన్రు, ఇరవైల వచ్చిన్రు. ఈ కాగితం పద్దెనిమిది దాకనే ఉన్నది. నడుమ రెండేండ్లు ఏం చేసిన్రు?"

"అక్కడ్నే ఉన్న మేడం."

"ఉన్నరు సరే. ఏం చేసిన్రు?"

పరశురాములు తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఏం చేయలే," అన్నాడు.

అతను వెళ్లాక శ్యాంసుందర్ విసుక్కున్నాడు. "అందరినీ దొంగలనే చూస్తె ఎట్ల మేడం? దొరకక దొరికిండు."

"దొంగ అంటలేను సార్. రెండేండ్లు ఏం చేయకుంట ఎవడన్న గల్ఫ్‌ల ఉంటడా? గంటసేపు ఉంచుకుంటరా వాళ్లు?"

మరునాడే ఆమె సర్టిఫికెట్ల మీదున్న నంబర్లకు ఫోన్ చేసింది. రెండూ అసలువే. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇంత మంచి కాగితాలున్న మనిషి మన ఊరి బడికి ఎందుకొచ్చినట్టు?

తేల్చుకోవడానికి ముందు ఒకసారి అతన్ని వెంటబెట్టుకుని పోయి చూద్దామని శ్యాంసుందర్ అన్నాడు. డిసెంబర్‌లో ఒక ఆదివారం ఇరవైనాలుగు మందిని రామగిరి గుట్టకు తీసుకెళ్లారు. అనసూర్యకు మోకాళ్ల నొప్పులున్నాయి. అయినా వెళ్లింది. ఎక్కినంతసేపూ ఆమె కళ్లు గుట్ట మీద లేవు, పరశురాములు మీదే ఉన్నాయి. అతను వంక పెట్టడానికి చోటివ్వలేదు. వెనకబడ్డ పిల్లలను తిట్టలేదు. ఏ రాయి మీద కాలు పెట్టాలో ఏ రాయి కదులుతుందో చూపిస్తూ నడిచాడు.

పైన పాత కోట గోడల మధ్య నీళ్ల గుంట ఒకటి ఉంది. పచ్చగా నాచు పట్టి, లోతు తెలియకుండా ఉంది. ఏడో తరగతి చదివే వినోద చేతులు కడుక్కుందామని దాని అంచుకు పరుగెత్తింది. పరశురాములు అరిచిన అరుపుకు గోడ మీది పిట్టలు లేచిపోయాయి. ఒక్క దూకులో వెళ్లి ఆ పిల్ల మణికట్టు పట్టి ఇవతలికి గుంజాడు. పిల్ల బిత్తరపోయి ఏడ్చింది.

"చెయ్యి ఇడువుండ్రి!" అంటూ అనసూర్య మీదికి వచ్చింది.

అతను వదిలేశాడు. అతని పెదవులు తెల్లబడ్డాయి. తర్వాత అందరూ పులిహోర తింటుంటే అతను మాత్రం తినలేదు. నీళ్ల గుంటకూ పిల్లలకూ మధ్య ఒక బండ మీద కూర్చుని, దిగేదాకా అక్కడి నుంచి కదలలేదు. వినోద మణికట్టు మీద నాలుగు వేళ్ల అచ్చు ఎర్రగా పడింది. దిగుతూ అనసూర్య అదే ఆలోచించింది. నాలుగేళ్లు నీళ్ల దగ్గరే కొలువు చేసిన మనిషి గుంటెడు నీళ్లకు అంత ఎందుకు జడిసిండు?

ఆమె చెల్లెలు కోమల భర్త హనుమండ్లు, పరశురాములు పనిచేసిన గల్ఫ్ దేశంలోనే డ్రైవర్. మన జిల్లాల వాళ్లు అక్కడ ఎవరు ఎక్కడున్నారో అతనికి ఎరుకే. అనసూర్య అతనికి ఫోన్ చేసి పేరు, ఊరు, హోటల్ చెప్పింది. రెండు వారాల తర్వాత, అతనికి సెలవున్న రోజున జవాబొచ్చింది.

"వదినా, గా పరశురాములు జైల్ల ఉండె. ఆ హోటల్ల ఒక చిన్నపిల్ల నీళ్లల్ల మునిగి సచ్చిపోయిందట. డ్యూటీల ఈననే ఉండె."

అనసూర్య ఫోన్ పెట్టేసింది. తను అనుకున్నదే నిజమైంది. అందులో గెలిచినట్టేమీ అనిపించలేదు. నేరుగా శ్యాంసుందర్ గదికి పోవాలి, పోయి చెబితే అయిపోతుంది. కానీ పరుల నోట విన్న మాట అది కూడా. ముందు ఆ మనిషి నోటితోనే వినాలనుకుంది.

మరునాడు పరశురాములును బడి వరండాలోకి పిలిచింది. "మీ రెండేండ్లు నాకు తెలిసినయి," అంది.

అతను ఎట్లా తెలిసిందని అడగలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇద్దరం ఉండాలె మేడం అక్కడ. ఆ దినం నా జోడీదారు రాలే. సూపర్‌వైజర్ వచ్చి, అవతల కుర్చీలు సదిరి రమ్మన్నడు. పోయిన. ఐదు నిమిషాలు కూడ కాలే. ఆరేండ్ల పిల్ల. మర్లివచ్చి దూకి తీసిన, గుండె ఒత్తిన, ఊపిరి ఊదిన. రాలే."

అనసూర్య ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. సూపర్‌వైజర్ మీదికి నెడతాడని ఆమె లెక్క. తప్పు చేసినవాళ్లు చెప్పే కథలు ఇన్నేళ్లలో ఎన్నో విన్నది, అన్నింట్లోనూ తప్పు వేరేవాళ్లదే.

"వాడు పొమ్మన్నడు, నేను పోయిన," అన్నాడు పరశురాములు. "పోనంటె నౌకరి పోతుండె. పోతె పోనియ్యాలె. నేను పోవద్దుండె."

"మరి దరఖాస్తుల ఎందుకు రాయలే?"

"రాస్తె మీరు గేటు లోపలికి రానిస్తుంటిరా?"

"రానియ్యకపోదును," ఆమె ఉన్నమాటే చెప్పింది. "కని దాస్తె పిల్లల్ని నీ చేతిల ఎట్ల పెట్టాలె తమ్మీ? ఆ తల్లిదండ్రులకు ఎరుక కావద్దా?"

తెల్ల కాగితం, పెన్ను తెచ్చి అతని ముందు పెట్టింది. అతను పెన్ను అందుకున్నాడు. రాయడం మొదలుపెట్టాక ఆగలేదు.

కాగితం చదివి శ్యాంసుందర్ కుర్చీలోంచి లేచాడు. "పంపించెయ్యుండ్రి. ఇది బయటపడితె బడి మూసుకోవాలె."

"మనమే బయటపెడదాం సార్. ఇన్నంక పంపుతమన్నోళ్లే పంపుతరు."

"నిన్నటిదాక మీరే వద్దన్నరు గద?"

"ఇయ్యాల కూడ నాకు అనుమానమే. గందుకే అంటున్న."

సంక్రాంతి సెలవుల తర్వాత తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. పరశురాములు నిలబడి తను రాసింది తనే చదివాడు. చదవడం అయ్యేసరికి వెనక వరసల వాళ్లు గుసగుసలాడుతూ లేచారు. వినోద తండ్రి మొదట బయటికి నడిచాడు. ఆ మణికట్టు అచ్చులు ఆయన మరిచిపోలేదు.

అప్పుడు బాలవ్వ అనే ఆవిడ లేచింది. ధర్మారం వైపు పల్లె నుంచి వచ్చింది, భర్త గల్ఫ్‌లో తాపీ పని.

"ఒక్క ముచ్చట అడుగుత బిడ్డా. రేపు మల్ల గీ సారే, పిల్లల్ని ఇడిసి జర అటు పోయి రా అన్నడనుకో. పోతవా?"

పరశురాములు పక్కనే కూర్చున్న శ్యాంసుందర్ వైపు ఒకసారి చూశాడు. "పోను," అన్నాడు.

శ్యాంసుందర్ ముఖం ఎర్రబడింది. గుట్టలెక్కడానికి పేరిచ్చిన నలభై రెండు మంది పిల్లల్లో ఆ రోజు పందొమ్మిది పేర్లు మిగిలాయి. ఆ పందొమ్మిది మంది కోసం ఒక ఏడాదికని పరశురాములును తీసుకున్నారు. అతను ఎక్కడికి తీసుకెళ్లినా వార్డెన్ వెంట ఉండాలని షరతు పెట్టింది అనసూర్యే.

ఆ తర్వాత కూడా ఆమె ఊరుకోలేదు. సూపర్‌వైజర్ నిజంగానే కుర్చీల కోసం పంపాడా, లేక పరశురాములు తనంతట తానే పక్కకు పోయాడా కనుక్కోమని హనుమండ్లును మళ్లీ అడిగింది. నెల తర్వాత అతను చెప్పిందొకటే. "అప్పటోళ్లు ఒక్కలు లేరు వదినా. ఎవలకూ ఎరుక లేదు."

ఆ ఐదు నిమిషాల సంగతి ఆమెకు ఇక ఎన్నటికీ తెలియదు. ఫిబ్రవరిలో మంథని గోదావరి ఒడ్డుకు బయల్దేరిన రోజున మోకాళ్లకు పట్టీలు కట్టుకుని అందరికంటే ముందు బస్సెక్కింది. పరశురాములు పిల్లలను ఇసుక దాటనివ్వలేదు. వాళ్లు కాళ్లయినా తడుపుకుంటామని బతిమాలారు. ఆమె కూడా, పాదాల వరకే గదా, ఏమైతది అంది. ఆమె మాటకూ అతను ఒప్పుకోలేదు. అనసూర్యకు చిన్నతనమనిపించింది, కోపమూ వచ్చింది. అయినా పిల్లల పక్కన వేడి ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుంది.