రాజు శిలువకు పూసిన మసి

2009. వాషింగ్టన్ దగ్గర ఒక చిన్న మ్యూజియంలో నేను కన్సర్వేటర్‌ని. అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే పని. ఇల్లు హెర్న్‌డన్‌లో. చుట్టుపక్కల మనవాళ్ళందరూ కోడ్ రాస్తుంటే నేను దూదితో ఇత్తడి తుడుస్తానని స్నేహితులు ఆటపట్టించేవారు. తుడవకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే ఈ పనిలో సగమని చెప్పినా నమ్మేవారు కాదు.

ఆ వేసవిలో ఒక ప్రదర్శన కోసం జానెడు ఇత్తడి శిలువ నా బల్ల మీదికి వచ్చింది. మధ్య ఆఫ్రికాలోని కాంగో రాజ్యానిది. అక్కడి రాజు పదిహేనో శతాబ్దం చివర్లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. ఐరోపా వాళ్ళు ఆ నేలను పంచుకుని ఏలింది ఆ తర్వాత ఎప్పుడో. ఈలోగా అక్కడి కంచరులే శిలువలు పోతపోశారు. క్రీస్తుకు తమవాళ్ళ ముఖమే పెట్టారు. పెద్దలు వాటిని అధికార చిహ్నంగా చేతపట్టి తీర్పులు చెప్పేవారు.

మా శిలువ మాత్రం బొగ్గులా ఉంది. ప్రదర్శన బాధ్యత చూసే క్యురేటర్ గ్రెగ్‌కి ఆ నలుపంటే ముచ్చట. “పటీనా జోలికి వెళ్ళకు” అన్నాడు. పటీనా అంటే ఏళ్ళ తరబడి లోహం మీద దానంతట అదే పట్టే పొర. నేనూ సరేనన్నాను.

ప్రదర్శనకు ముందు ఆ ప్రాంతం వాళ్ళ అభిప్రాయం అడగడం మా ఆనవాయితీ. మేరీల్యాండ్‌లోని కాంగో వాళ్ళ చర్చి నుంచి మతొండో అనే పెద్దాయన వచ్చారు. రిటైరైన టీచర్. శిలువను చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

“దీనికి మసి ఎవరు పూశారు?”

“పాతబడి అలా అయిందండీ.”

“మా వంశంలోనూ ఒకటి ఉండేదమ్మా. తగువు తీర్చే ముందు మా తాత దాన్ని నిమ్మరసంతో, ఇసుకతో తోమించేవాడు. ఎండలో మెరవాలి, పెద్ద ఎవరో దూరం నుంచే తెలియాలి. దీన్నిలా పెడితే మేం భయపడి చీకట్లో దాచుకున్న దెయ్యం బొమ్మ అనుకుంటారు. మా మనవలూ అదే నమ్ముతారు.”

ఇత్తడిని చింతపండుతో తోమే ఇంట్లో పుట్టినదాన్ని నేను. ఆ మాట నాకు సూటిగా తగిలింది. మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. నలుపు అన్నిచోట్లా ఒకేలా ఉంది, చేతులు తగిలి అరగాల్సిన ఎత్తుల మీద కూడా. వెనకవైపు ఓ మూల మురికిని కరిగించే సాల్వెంట్‌లో ముంచిన దూదిపుల్ల ఆనించాను. అసలైన పటీనా అంత తేలిగ్గా కరగదు. ఇది బూట్ పాలిష్‌లా ఊడొచ్చింది. పాతదిగా కనిపించాలని ఎవరో వ్యాపారి పూసిన మైనం!

గ్రెగ్‌కి చూపిస్తే పెదవి విరిచాడు. “మెరిస్తే గిఫ్ట్ షాపులో కొన్నట్టుంటుంది. జనం దీన్ని ఆఫ్రికన్ అనుకోవద్దా?”

నాకు ఒళ్ళు మండింది. “ఎవడో పూసిన పాలిష్‌ని చరిత్ర అని నేను సంతకం పెట్టను” అన్నాను. విషయం డైరెక్టర్ దాకా వెళ్ళింది.

ఇంట్లో మా ఆయన తల పట్టుకున్నాడు. “మ్యూజియం నీ వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయాల్సిన టైమ్‌లో క్యురేటర్‌తో పెట్టుకుంటావా?”

“పెట్టుకుంటా. ఆ పెద్దాయన ముఖం నువ్వు చూడలేదు.”

డైరెక్టర్ దూదిపుల్ల మీది నలుపును చాలాసేపు చూసి, “తీసేయండి” అంది. మైనం వరకే తీశాను. మతొండో గారు అడిగినంత మెరుపు ఇవ్వలేకపోయాను, నిమ్మరసం లోహాన్ని తినేస్తుంది. అయినా కింద నుంచి మెత్తని పసుపు బయటపడింది. క్రీస్తు ముక్కు, నుదురు దాదాపు చదునైపోయాయి. ఎన్ని తరాల చేతులు పట్టుకున్నాయో!

మతొండో గారిని మళ్ళీ పిలిచాం. ఆయన గ్లవ్స్ అడగలేదు, శిలువను ముట్టుకోలేదు. బల్ల అంచు పట్టుకుని కష్టం మీద మోకాళ్ళ మీదికి దిగి, దోసిలిలా వంచిన అరచేతులతో మెల్లగా చప్పట్లు కొట్టారు.

పక్కనే ఉన్న గ్రెగ్ గొంతు తగ్గించి అడిగాడు. “ప్రార్థనా?”

“ప్రార్థన ఆదివారం చేసుకుంటాను. ఇది మా రాజుకి పెట్టే దండం.”

పాతదంటే నల్లగా ఉండాలని మ్యూజియం వాళ్ళం మాకు మేమే నేర్పుకున్నాం. ఆ రోజు నుంచి నా బల్ల మీదికి ఏది వచ్చినా, అది ఎవరిదో వాళ్ళను పిలిపించాకే సాల్వెంట్ సీసా మూత తీస్తున్నాను. ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్ళు విసుక్కుంటూనే ఉన్నారు. విసుక్కోనీ.