బర్మా నుంచి ఏడు ఉత్తరాలు

నాకు తెలుగు చదవడం రాదు. డెబ్బై రెండేళ్ళు ఈ సంగతి దాచుకొచ్చిన ఘనుణ్ణి నేను, భీమారావుని. ఈ పరదేశంలో, సెంబవాంగ్ షిప్‌యార్డులో ముప్ఫై ఎనిమిదేళ్ళు వెల్డింగ్ చేశాను. అక్కడ ఎవడూ తెలుగు చదవమనలేదు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళ పత్రిక వస్తే మాత్రం కళ్ళజోడు సవరించుకుని, పేజీలు తిప్పి, "బాగా రాశారు" అంటాను. ఇది కూడా నేను చెబుతూంటే పక్క ఫ్లాట్ సరయు రాసిపెడుతోంది.

మా ముత్తాత ఓబయ్య మద్రాసు పటాలంలో సిపాయి. 1885లో బర్మా యుద్ధానికి వెళ్ళి ముత్తవ్వకు రాసిన ఏడు ఉత్తరాలను మా తాత ఓడలో ఇక్కడికి వస్తూ పెట్టెలో తెచ్చుకున్నాడు. చదవడం రాకపోయినా వాటిలో ఏముందో అందరికీ చెప్పింది నేనే. ముత్తాత ఒంటరిగా కోటగోడ ఎక్కాడన్నాను. ప్రతి దసరాకూ ఆ గోడ ఓ అడుగు పెరిగేది. ఆయుధపూజ నాడు వాటిని నా వెల్డింగ్ టార్చి పక్కన పెట్టి, ఒక్కోదాని నెత్తిన తడి కుంకుమ బొట్టు పెట్టేవాణ్ణి.

ఈమధ్య మా మనవరాలు మహతికి ఆడపిల్ల పుట్టింది.

"తాతా, ఆ లెటర్స్ అవ్వ నేమ్ ఏంటి? పాపకి అదే పెడతా."

ఆ పేరు మాలో ఎవరికీ తెలీదు. "ఉత్తరాల్లో ఉందిగా" అన్నాను ధీమాగా.

"అయితే చదివి చెప్పు లా" అంది, మాట చివర ఇక్కడి వాళ్ళ "లా" తగిలించి. "నెక్స్ట్ వీక్ లోపల రిజిస్టర్ చెయ్యాలి."

చేసేదిలేక నిజం ఒప్పుకుని, సరయుని పిలుచుకొచ్చాను. ఒంగోలు పిల్ల, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మహతి పాపని ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

సరయు ఏడింటినీ చూసి నెమ్మదిగా అంది: "అంకుల్, పేరు ఉండాల్సిన చోటే బొట్టు ఉంది. అన్నిటికీ."

నలభై దసరాలు నా బొటనవేలితోనే పెట్టాను. ఒక ఆడమనిషి పేరును భక్తిగా తుడిచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ అమ్మాయి కాగితాల వెనక ఫోను లైటు పెట్టి వెతికింది. ఆరు ఉత్తరాల్లో ఏమీ కనబడలేదు. ఏడో దాంట్లో ఎర్రమరక వెనక అక్షరాలు తేలాయి: "మన పిల్లవాడి తల్లికి."

"ఆ రోజుల్లో మొగుడు పెళ్ళాం పేరు ఎందుకు రాస్తాడు అంకుల్! అసలు ఏ ఉత్తరంలోనూ ఉండి ఉండదు" అంది.

తర్వాత అన్నీ చదివింది. ముత్తాత పటాలం ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. జ్వరం వచ్చి తగ్గింది. చెప్పులు బురదలో పోయాయి. పిల్లవాడికి నడక వచ్చిందా అని నాలుగుసార్లు అడిగాడు.

"తాతా, ఆ కోట వాల్ ఎక్కడ?" అంది మహతి.

"వానకి కూలిపోయింది" అన్నాను.

ఏడో ఉత్తరం చివర సరయు ఒక్కో మాటా విడదీసి చదివింది. "ఇది మా పటాలం రాయసగాడి చేత రాయిస్తున్నాను. వాడి ముందు నీ పేరు నోటికి రాదు. ఎడ్ల దగ్గర ఒక్కణ్ణీ ఉన్నప్పుడు పేరు పెట్టే పిలుస్తున్నాను. ఇది విని వాడు నవ్వుతున్నాడు, నవ్వనీ. ఇంటికి వచ్చాక నీకు వినబడేటట్టు పిలుస్తాను."

అదే ఆఖరిది. ఆయన ఇంటికి వచ్చినట్టు మావాళ్ళెవరూ చెప్పలేదు.

నాకు ఏడుపొచ్చింది. నలభై ఆరేళ్ళ కాపురంలో నేను మా ఆవిణ్ణి "ఇదిగో", "ఏమే" అని తప్ప పిలిచిన పాపాన పోలేదు. నేనేమన్నా బర్మాలో ఉన్నానా? ఆవిడ పది అడుగుల దూరంలో, వంటింట్లో ఉంది.

"రాజమ్మా!" అన్నాను.

గరిటె చప్పుడు ఆగింది. ఆవిడ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "ఏమయిందండీ? పొద్దున బీపీ మాత్ర మరిచారా?"

మహతి నవ్వలేదు. పాప తల నిమురుతూ, "ఆ అవ్వ నేమ్ దొరకదు కదా. ఈ అవ్వదే పెడతా" అంది.

పాతకాలం పేరని రాజమ్మ రెండు రోజులు పోట్లాడింది. ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆ పేరు నేను రోజుకు పదిసార్లు గట్టిగా పిలుస్తున్నాను. పాపని పిలుస్తున్నానని చెబుతాను. ఆవిడ నమ్మదు.