మద్దిగుడలో పట్టుపురుగులు ఎలా పోయాయంటే

అరకు కొండల్లో దసలిపట్టు పెంపకం కొండవాళ్ల బద్ధకం వల్ల, మూఢనమ్మకం వల్ల చెడిపోయిందని విశాఖపట్నంలో నలుగురు చేరిన చోటల్లా వింటున్నాను. "జపాను దాకా వెళ్లి చదువుకొచ్చిన పంతులమ్మగారు కూడా వాళ్లను బాగుచెయ్యలేకపోయింది, పాపం" అని నా మీద జాలి కూడా పడుతున్నారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ఈ మాట చెప్పేవాళ్లలో ఒక్కరూ ఘాటీ ఎక్కి చూసినవాళ్లు కారు. నేను ఎక్కాను. పురుగులు పోయిన రోజుల్లో ఆ చెట్ల కింద ఉన్నదాన్ని నేనే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నచ్చనివాళ్లు స్వయంగా వెళ్లి విచారించుకోవచ్చు. దారి కూడా చెబుతాను.

నేను ఆడపిల్లల బడిలో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పాను. నలభయ్యో ఏట, అందరూ నవ్వుతుండగా, ఓడెక్కి జపాను వెళ్లి, షిన్షూ అనే కొండసీమలో రెండేళ్లు పట్టుపని నేర్చుకున్నాను. తిరిగొచ్చాక శృంగవరపుకోట సంతలో గురువారి అనే కొండదొర స్త్రీతో పరిచయమైంది. ఆమెదీ, ఆమె పెనిమిటి బుద్రుదీ మద్దిగుడ. వాళ్ల ఊరివాళ్లు మద్దిచెట్ల మీద దసలి పురుగుల్ని పెంచి, కాయల్ని, అంటే పట్టుగూళ్లని, ఉన్నవున్నట్టే షావుకారుకు ఇచ్చేసి ఉప్పూ గుడ్డా తెచ్చుకుంటారు. దారం తియ్యడం తెలిస్తే ఆ బేరం వాళ్ల చేతిలో ఉంటుందని నేనన్నాను. గురువారి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"కార్తీకంలో కాయ దిగుద్ది. అప్పుడు రా. ఈ పంట బాగా వొచ్చినాదంటే కాయలు షావుకారుకివ్వకుండా అట్టిపెడతాం, పన్నెండుమంది ఆడోళ్లం నీకాడ నేర్సుకుంటాం. రాలేదనుకో, పాతబాకీకి షావుకారే వొచ్చి పట్టుకుపోతాడు" అంది.

నా ప్రయాణమంతా ఆ ఒక్క పంట కోసం.

కార్తీకమాసంలో ఒక సోమవారం, ఉదయం ఆరున్నర బండికి విశాఖపట్నంలో బయలుదేరి తొమ్మిదికి ముందే విజయనగరంలో దిగాను. స్టేషను బయట ఇడ్డెన్లు వేడిగా దొరుకుతాయి, కాఫీ మాత్రం తాగకండి. పది గంటలకు శృంగవరపుకోటకు మోటారు బస్సు. పది అంటే పదకొండు. నాతో ఒక పరుపుచుట్ట, చలిజ్వరానికి కొయినా మాత్రలు, రెండు కంబళ్లు, జపాను నుంచి తెచ్చుకున్న చేతిరాట్నం ఉన్న చెక్కపెట్టె. పక్కనున్న చింతపండు వర్తకుడికి కళ్లన్నీ ఆ పెట్టె మీదే.

"ఏటమ్మా అది, హార్మనీ పెట్టేటి?"

"జపాను రాట్నమండి. పట్టుదారం తీసేది."

"జపానోళ్లకి మిల్లులుంటాయి గానీ రాట్నాలేటమ్మా?"

"మిల్లుకి పట్టు ఎక్కడినుంచి వస్తుందనుకున్నారు? పల్లెల్లో ఆడవాళ్లు పురుగుల్ని పెంచితే వస్తుంది."

"మరి మగోళ్లేటి సేత్తారు?"

"మీలాగే బస్సుల్లో తిరుగుతూ అడుగుతారు."

బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నాకు కిటికీ పక్క చోటిచ్చాడు.

కోట నుంచి పైకి బస్సు లేదు. అప్పన్న అనే బండివాడిని మాట్లాడుకున్నాను. ఆ సాయంత్రం ఘాటీ మొదట్లో సత్రంలో ఆగి, మంగళవారం తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టాము. ఎద్దులు అలిసినప్పుడల్లా నేను దిగి నడిచాను. మూడు గంటలకు అనంతగిరి. అక్కడ అప్పన్న ఎండుచేపల కూర, చోడి అంబలి చేశాడు. ఆకలి మీద ఆ కూర రెండుసార్లు వడ్డించుకున్నాను. అదెంత తప్పో మర్నాడు తెలిసింది. బుధవారం మధ్యాహ్నానికి అరకు చేరాము. లోయంతా వలిసెపూలు పసుప్పచ్చగా పరుచుకుని ఉన్నాయి. అక్కడి సర్కారు బంగళాలో నాకు గది లేదన్నారు, ఎవరో ఆఫీసరుగారు వస్తున్నారట. మరో మూడు మైళ్లు నడిచి మద్దిగుడలో గురువారి ఇంటి అరుగు మీదే పరుపు పరిచాను.

నాలుగు గంటలకు తోపు చూపించమన్నాను. ముప్ఫై పైచిలుకు మద్దిచెట్లు. తోపు మొదట్లో రెండు కర్రలు పాతి, వాటికి అడ్డంగా ఒక నారతాడు కట్టి, ఆకులు వేలాడదీశారు. తాడుకు అవతల బుద్రు, మరో నలుగురు మగవాళ్లు. నూనె రాసుకోని ఒళ్లు, దువ్వని జుట్టు, చేతుల్లో పిట్టల్ని కొట్టే వడిసెలలు. పురుగు చెట్టెక్కిన రోజు నుంచి వాళ్లు ఒంటిపూట తింటారు, ఇళ్లకు పోరు, గట్టిగా మాట్లాడరు. నేను తాడు దాటబోతుంటే గురువారి చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్నా మొన్నా నీసు తిన్నావేటమ్మా?"

అబద్ధమాడే అలవాటు లేదు. "నిన్న చేపలు తిన్నాను" అన్నాను.

"అయితే రేపూ ఎల్లుండీ ఆగు. తానం చేసి రా."

"నేను దీని గురించే రెండేళ్లు చదువుకున్నానే గురువారీ!"

"సదివినోళ్లు సేపలు తింటే కంపు రాదేటి?"

తాడుకు అవతల మగవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు కోపం వచ్చింది. వెంటనే నవ్వూ వచ్చింది. ఎందుకంటే ఇలా గుమ్మం దగ్గర ఆగిపోవడం నాకు మొదటిసారి కాదు.

షిన్షూలో మా బడివాళ్లు వసంతంలో మమ్మల్ని రైతుల ఇళ్లకు పనికి పంపేవాళ్లు. మూడో తరగతి రైల్లో రెండు గంటలు, తర్వాత నడక. భోజనం వెదురు రేకులో చుట్టిన అన్నపు ముద్దలు. నాతోటి పిల్లలు నాకు కూతుళ్ల వయసువాళ్లు. వాళ్లు నన్ను పిన్నిగారూ అని పిలిస్తే మొదటి నెలంతా మండిపడ్డాను. మొదటి ఇంట్లోనే ఒక ముసలమ్మ నన్ను గుమ్మంలో ఆపి, నా తల వాసన చూసింది. కొబ్బరినూనె! పురుగులు తిండి మానేస్తాయంది. బూడిదనీళ్లతో మూడుసార్లు తల రుద్దుకున్నాకనే లోపలికి రానిచ్చింది. ఆ ఇంట్లో పురుగును ఉత్త పేరుతో పిలవరు, మన "గారు" లాంటి మాట చేర్చి పిలుస్తారు. గట్టిగా తుమ్మరు. పురుగులు మేస్తుంటే ఇంటికప్పు మీద వాన పడుతున్నట్టుండేది. మేము గుసగుసగానే పాఠాలు చెప్పుకునేవాళ్లం.

గురు, శుక్రవారాలు గురువారి ఇంట్లో ఆడవాళ్లకు పాతకాయలతో రాట్నం తిప్పడం చూపించాను. గురువారి చెయ్యి నా చెయ్యికన్నా మెత్తన. నేను నెలరోజులు పట్టి నేర్చుకున్న ముడి ఆమె ఒక పూటలో వేసింది.

"ఆ జపాను ఎంత దూరం?" అనడిగింది ఒకామె.

"ఓడలో నెల పడుతుంది."

"అంత దూరం పోయి పురుగుల్ని సూసొచ్చినావా? ఇక్కడికొస్తే మేం సూపించీవోళ్లం గదా!" అంది గురువారి. ఇల్లంతా పకపకలు.

శనివారం ఉదయం చల్లనీళ్ల స్నానం చేసి, చెప్పులు విడిచి, తాడు దాటాను. చెట్ల మీద నా బొటనవేలంత లావున పచ్చటి పురుగులు, ఆకు అంచు పట్టుకుని మేస్తున్నాయి. ఒక్కదానికీ తెగులు లేదు. ఇంకో పదిరోజుల్లో గూళ్లు కట్టేస్తాయి. నేను బడిలో చూసిన ఏ పంటా ఇంతకన్నా బాగా లేదని ఒట్టేసి చెప్పగలను. బుద్రు నా మొహం చూసి, చాలా మెల్లిగా, "బాగున్నాయా?" అన్నాడు. నేను తలూపాను.

పది గంటలకు బంగళా ఆఫీసరుగారు దిగారు. పట్టుపరిశ్రమ ఇన్‌స్పెక్టరు. బంట్రోతు, వేటకుక్క వెంట. నోట్లో చుట్ట, కాళ్లకు బూట్లు. చూడగానే గుర్తుపట్టాను, ఆయనా పట్టారు. షిన్షూలో నేనున్న ఊళ్లోనే మగపిల్లల బడిలో చదివిన మనిషి. రెండేళ్లపాటు ఆ ఊరికంతటికీ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. పేరు రాయడం లేదు. చదివితే ఆయనకు తెలుస్తుంది.

గురువారి తాడు దగ్గర నిలబడి నన్నడిగినట్టే ఆయన్నీ అడిగింది. "బాబూ, నువ్వు ఆగు. నీసు తిన్నావేటి? సుట్ట ఆర్పీసి, కుక్కని కట్టీసి, రేపు రా."

"నువ్వు" అన్నందుకే సగం కోపం వచ్చినట్టుంది. "ఏమిటీ నాటకం?" అని చేతికర్రతో తాడు ఎత్తి లోపలికి నడిచారు. కుక్క ముందు పరిగెత్తింది. ఒక కొమ్మ వంచి, పొగ వదులుతూ పురుగుల్ని లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకున్నారు. "మంచి పంటేనండీ, చూశారా!" అని నాతో ఇంగ్లీషులో అన్నారు. పావుగంటలో వెళ్లిపోయారు.

బుద్రు వడిసెల కింద పెట్టాడు. మిగిలిన నలుగురూ పెట్టారు. తోపులోంచి బయటికొచ్చి ఊళ్లోకి నడిచారు.

నేను వెంటబడ్డాను. పావుగంట పొగకు పురుగులేం చావవని, నేను చదువుకున్నదాన్నని, కాపలా వదిలేస్తే మాత్రం పిట్టలు తినేస్తాయని గొంతు చించుకున్నాను.

"పురుగుకేటీ అవలేదమ్మా, నాకూ కనపడతంది" అన్నాడు బుద్రు. "నేమం తప్పిన తోపులో కూకుంటే నన్ను పులి పట్టుకుపోద్ది. మా బాబుని అలగే పట్టుకుపోనాది."

ఇది నేను ఒప్పుకోను. అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ పులి ఎత్తుకుపోయినది వాళ్ల నాన్నని, మా నాన్నని కాదు.

"దీనికి విరుగుడు లేదా?" అనడిగాను.

గురువారి చెప్పింది. "ఉంది. ఆ బాబు వొచ్చి, తాడుకాడ కాళ్లు కడుక్కుని, ఒక కోడిగుడ్డు పెట్టి, తప్పయినాదని సెప్తే సరిపోద్ది. మగోళ్లు మల్లీ కూకుంటారు."

"నేను పెడతాను గుడ్డు."

"తప్పు నీది కాదు గదమ్మా. నువ్వు ఆగినావు."

ఒక్క గుడ్డు! ఊరి పంటంతా ఒక గుడ్డుతో దక్కుతుందంటే నేను మూడు మైళ్లు పరుగులాంటి నడక నడిచాను. రెండు గంటలకు బంగళా చేరేసరికి ఆయన వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. సంగతంతా చెప్పాను.

"సర్కారు ఉద్యోగిని, కొండవాళ్ల ముందు కాళ్లు కడుక్కుని గుడ్డు పెట్టాలా? మీరు క్రిస్టియను అయి ఉండి ఈ మాట అడగడానికి వచ్చారా?"

"గుడ్డు ఎవరికి పెడుతున్నామన్నది తర్వాత మాట్లాడుకుందాం. తప్పయిందని చెప్పమంటున్నాను. షిన్షూలో పనికి వెళ్లినప్పుడు, నా తల కడిగించిన ఆ ముసలమ్మే మీ చుట్ట కూడా ఆర్పించిందే, అప్పుడేం చేశారు? నేను అక్కడే ఉన్నాను. నడుము వంచి మూడు దణ్ణాలు పెట్టారు. నోరు పుక్కిలించి వచ్చారు. వాళ్ల పురుగుల దేవత ముందు చేతులు జోడించారు. 'చూశారా ఈ జాతి శుభ్రత, ఈ క్రమశిక్షణ!' అని నాకు ఉపన్యాసం ఇచ్చారు. నోటుబుక్కులో కూడా రాసుకున్నారు."

ఆయన చుట్ట నులిమి పక్కన పెట్టారు. తర్వాత బూట్ల వైపు చూస్తూ, "అక్కడి సంగతి వేరండీ" అన్నారు.

 ఆదివారం పొద్దున్నే గుర్రమెక్కి పాడేరు వైపు వెళ్లిపోయారు.

ఆ ఆదివారం నేను ప్రార్థన మానుకుని మద్దితోపులో కూచున్నాను. వడిసెల తిప్పితే రాయి నా వెనక్కే పోయింది. కిరసనాయిలు డబ్బా ఒకటి సంపాదించి కర్రతో వాయిస్తూ, ఈ చెట్టు దగ్గర్నుంచి ఆ చెట్టుకు పరిగెత్తాను. ఇటు తోలితే అటు దిగుతాయి పిట్టలు. తాడు అవతల నిలబడి గురువారి మొదట నవ్వింది. "పంతులమ్మా, నీ సప్పుడికి మేమే పారిపోయీలాగున్నాం" అంది. మధ్యాహ్నానికి నవ్వడం మానేసింది. సాయంత్రం నాకు అంబలి తెచ్చి, తాడు దగ్గరే పెట్టి వెళ్లింది. సోమవారం కూడా కూచున్నాను. మంగళవారం లెక్కపెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

రాట్నం ఉంచుకోమన్నాను. గురువారి ఒద్దంది. "కాయ లేకుండా ఇదేటి సేసుకుంటాం? ఎలకలు కొరుకుతాయి. పట్టుకుపో." వచ్చే ఏడు మళ్లీ పెంచుతారా అనడిగితే, "బుద్రు పెంచడంట. షావుకారు తోటలో కూలికి పోతాడంట" అని చెప్పి, చోళ్లు చెరగడానికి కూచుంది. పన్నెండుమందిలో ఒక్కరూ నన్ను సాగనంపడానికి రాలేదు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

దిగేటప్పుడు ఘాటీ ఒక్కరోజే. గురువారం మధ్యాహ్నం కోటలో బస్సు దొరికింది, నాలుగు గంటలకు విజయనగరం. స్టేషనులో బండి కోసం గంటన్నర కూచున్నాను. మీలో ఎవరైనా అరకు వెళ్లదలిస్తే కార్తీకంలోనే వెళ్లండి. కంబళ్లు, కొయినా తీసుకెళ్లండి. ఎవరైనా ఆగమంటే ఆగండి. అంత అందమైన చోటును, అంత నేర్పున్న చేతుల్ని నేను ఓడెక్కి వెళ్లినచోట కూడా చూడలేదు.

నెల తిరక్కుండా ఇన్‌స్పెక్టరుగారి రిపోర్టు బయటికొచ్చింది. "పంట ఆశాజనకముగా నుండియు, కొండజనుల సహజమైన సోమరితనముచేతను, మూఢవిశ్వాసముచేతను నాశనమయినది" అని ఉంది. ఊరు చెప్పుకునే మాట అక్కడినుంచి పుట్టిందే. ఆ రిపోర్టులో తాడు లేదు, చుట్ట లేదు, గుడ్డు లేదు.

నేను ఆయనకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. కాబట్టి అందరూ చదివేచోట అడుగుతున్నాను. అయ్యా, ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ చదువులేనివాళ్లు, ఇద్దరూ పురుగు కోసం మిమ్మల్ని గుమ్మంలో ఆపారు. ఒకరికి నడుము వంచి దణ్ణం పెట్టారు, రెండోవారి తాడును కర్రతో ఎత్తేశారు. అక్కడి సంగతి వేరన్నారు. ఏమిటండీ ఆ వేరు?