చెప్పుల లెక్క

మా పిన్నికి నోరు ఎక్కువ. ఇది నేనొక్కదాన్నే అనే మాట కాదు, ఇంటిల్లిపాదీ అంటాం. తను పనిచేసే కుట్టు దుకాణం మూతపడ్డాక మా ఇంటికొచ్చింది. ఒకరి మీద పడి తినడం నా వల్ల కాదంటూ రోజుకు పదిసార్లు నా ప్రాణం తీసింది. చివరికి నేనే కాళ్లావేళ్లా పడి, పక్క వీధిలోని ప్లే స్కూల్లో పనికి చేర్పించాను. మూడు నెలలు చూస్తాం, బాగుంటే ఉంచుకుంటాం అంది అక్కడి మేడం. వెళ్లే ముందు రోజు పిన్నికి ఒకటే చెప్పాను.

"అక్కడ మాత్రం నీ నోరు కాస్త అదుపులో పెట్టుకో."

పద్నాలుగు మంది పిల్లలు, మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు. పిన్ని గదిలో అడుగుపెట్టేసరికి ఒకడు బల్లెక్కి గెంతుతున్నాడట. ఒక పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతోందట. ఎనిమిదేళ్లుగా ఆ గది చూసుకుంటున్న టీచరమ్మ మూలన కూర్చుని తాపీగా ఫోను చూసుకుంటోంది. పిన్ని "కూర్చోండర్రా" అంటే ఒక్కరూ కూర్చోలేదు సరికదా, జానెడంత ఉన్న ఒకడు ఆవిడ చేతిసంచి నెత్తిన బోర్లించుకుని గదంతా తిరిగాడు. వాడికి ఆ పూటే బుడంకాయ అని పేరు పెట్టేసింది. పిల్లల్ని గట్టిగా అనకూడదు, స్వేచ్ఛగా వదిలేయడమే మన పద్ధతి అంది మేడం. స్వేచ్ఛట, నా మొహం.

పెరట్లో ఆట అయ్యాక పిల్లలు తోసుకుంటూ లోపలికొచ్చేవాళ్లు. వరసలో నిలబడేది లేదు, పేరు పిలిస్తే పలికేది లేదు. కదిలే తలల్ని లెక్కపెట్టలేక టీచరమ్మ ఒక కిటుకు కనిపెట్టింది. గుమ్మం లోపలి చెక్క అరలో చెప్పులు లెక్కపెట్టడం. పద్నాలుగు జతలుంటే పద్నాలుగు మందీ వచ్చేసినట్టే, ఇక తలుపు గడియ వేసేయడమే.

పిన్నికి అది మొదటిరోజే నచ్చలేదు. చెప్పులు విడిచాక ఎవరైనా మళ్లీ బయటికి పరిగెడితే ఏం గతి అని ఆ సాయంత్రం నన్నడిగింది. నాకు విసుగొచ్చింది. చేరి ఒక రోజు కాలేదు, పాతవాళ్లకు పని నేర్పకు, ముందు ఆ మూడు నెలలూ గడవనీ అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మా పిన్ని నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆట మధ్యలో వాన దిగింది. పిల్లలు కేకలు పెడుతూ లోపలికి దూరారు. టీచరమ్మ తడిసిన తలలు తుడుస్తూ, లెక్క చూడమని పిన్నికి పురమాయించింది. పిన్ని చెప్పులు లెక్కపెట్టింది. పద్నాలుగు జతలు. గడియ వేసింది. లోపల బల్లలు బాదుడు, అరుపులు, చెవులు చిల్లులు పడే గోల. అరగంట తర్వాత పాలు పోస్తే ఒక కప్పు మిగిలిపోయింది.

బుడంకాయ తలుపు బయట ఉన్నాడు. లోపలికొచ్చి చెప్పులు విడిచాక బంతి గుర్తొచ్చి ఒట్టి కాళ్లతో మళ్లీ వెళ్లాడట. తడిసి ముద్దయిపోయి వణుకుతున్నాడు. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. పిన్ని ఎత్తుకుంటే ఏడవను కూడా లేదు.

"తలుపు చాలాసార్లు కొట్టాను టీచర్. గోలలో మీకు వినపడలేదా?" అని అడిగాడు.

మేడం వాడికి పొడిబట్టలు తొడిగించి, నీళ్లలో ఆడాడని వాళ్లమ్మతో చెబుదాం, ఎందుకొచ్చిన రచ్చ అంది. టీచరమ్మ తలూపింది. సాయంత్రం ఆ తల్లి రాగానే పిన్ని ఎదురెళ్లింది.

"మీవాణ్ణి వానలో వదిలేసి గడియ వేసింది నేనేనమ్మా. చెప్పులు లెక్కపెట్టాను, పిల్లల్ని లెక్కపెట్టలేదు."

ఆ తల్లి కొడుకు చేతులు తిప్పి చూసి, వాణ్ణి ఎత్తుకుని వెళ్లిపోయిందట. రేపటినుంచి రావద్దని మేడం పిన్నికి చెప్పేసింది.

విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. ఎంతమందిని బతిమాలి ఇప్పించిన పని! పిల్లాడికి ఏమీ కాలేదు కదా, ఊరుకుంటే అక్కడితో పోయేది.

"ఆ నోరు కాస్త మూసుకోలేకపోయావా పిన్నీ?" అన్నాను.

పిన్ని నా వంక చూడలేదు. గుమ్మంలో కూర్చుని తడిసిన చెప్పులు విప్పుకుంటోంది.

"మూసుకున్నానుగా. నువ్వు చెప్పావని మూడు వారాలూ మూసుకునే ఉన్నాను. అందుకే వాడు బయట ఉండిపోయాడు."