వెనక్కి కట్టుకున్న చేతులు

ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఎవరి సీటు దగ్గరికి వెళ్లినా కూర్చోడు. వాళ్లు లేవబోతే వద్దంటాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, కొంగలా మెడ సాచి తెరలోకి చూస్తాడే తప్ప మౌసు ముట్టుకోడు. "తనకి రాకే మనచేత చేయిస్తాడు" అని చాటుగా నవ్వుకునేవాళ్లూ లేకపోలేదు.

ఉత్తరాలు టైపు చేసే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేసిన మర్నాడు టైపిస్టు కంప్యూటర్ తెరిచి ఆయన్ని కేకేసింది. తెరమీద నీలం గుర్తులతో ఉండే ఉత్తరాల ఫైళ్లన్నీ తెల్లకాగితాల్లా మారిపోయాయి. ఏది నొక్కినా తెరుచుకోదు. "అన్నీ పోయాయన్నయ్యా! ఇక ఈ కంప్యూటర్ నా వల్ల కాదు. స్టోర్సుకి మార్చెయ్యమని మేడమ్‌ని అడిగేస్తా" అంది కళ్లొత్తుకుంటూ. "ఎక్కడికీ పోలేదు తల్లీ. వాటిని దేంతో తెరవాలో కంప్యూటర్ మర్చిపోయింది, అంతే. ఒకదాని మీద మౌసు కుడి బటన్ నొక్కు. ఓపెన్ విత్ అని ఉందా? కొత్త ప్రోగ్రాం చూపించు. ఇక ఎప్పుడూ దీంతోనే అని టిక్కు పెట్టు." ఆయన చెప్పినట్టే ఆమె నొక్కింది. తెల్లకాగితాలన్నిటికీ ఒక్కసారిగా నీలం గుర్తులు వచ్చేశాయి. "నేనే చేశానా?" "మరి నేను ముట్టుకున్నానా?" అన్నాడాయన.

మధ్యాహ్నం అకౌంట్సు గదిలోనూ అదే గోల అని కబురొస్తే ఆయన బయల్దేరాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల పెద్ద గుమస్తా కుర్చీ ఖాళీ చెయ్యబోతుంటే, "అయ్యో, మీరు కూర్చోండి బాబాయిగారూ, మీరే నొక్కండి" అంటోంది టైపిస్టు. ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాయి.