మా ఎమ్మెల్యే రెండో కొలువు

మా నాయిన బొటనవేలు విరగ్గొట్టినవాళ్ల చేతిలో ఉన్న కాగితం నేను రాసిందే. ఆ సంగతి ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

కామాఠిపురాలో మేముండే వరుస గదుల పాత భవనం, మా చాల్, మూడంతస్తులది. దాన్ని పడగొట్టి టవరు కడతానని ఒక బిల్డరు రెండేళ్లుగా తిరుగుతున్నాడు. అందాకా ఊరవతల గదుల్లో ఉండమన్నాడు. తిరిగి ఎప్పుడు తీసుకొస్తాడో మాత్రం రాసివ్వనన్నాడు. చాలామంది ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేశారు. పద్నాలుగు ఖోలీల వాళ్లం వేయలేదు. నాయిన పుట్టింది మా ఖోలీలోనే, అమ్మ పోయిందీ ఆ ఒంటిగదిలోనే. "రాసియ్యకుంటే కదిలేది లేదు" అని నాయిన మొండికేశాడు.

మా వాళ్లకు పాలమూరు నుంచి వచ్చిన పాత అలవాటు ఒకటుంది. తాతల కాలంలో తాపీ పనికి జట్టుగా పోయేవాళ్లు. కాంట్రాక్టరుతో పేచీ వస్తే, తమ తరఫున మాట్లాడే మేస్త్రీ చేతికి అందరి వేలిముద్రలున్న కాగితం ఇచ్చేవాళ్లు. మేస్త్రీకి ఒకటే షరతు. పేచీ తేలేదాకా కాంట్రాక్టరు ఇంటి చాయ్ కూడా ముట్టకూడదు. మా నాయిన అలాంటి మేస్త్రీగా పనిచేసిన మనిషి. ఎమ్మెల్యే కూడా అలాంటి మేస్త్రీయేనని నాయిన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

బిల్డరు చేత రాయించి ఇప్పించమని ఎమ్మెల్యేకు మరాఠీలో అర్జీ నేనే రాశాను. పద్నాలుగు ఖోలీల నంబర్లు, పేర్లు, పక్కన ముద్రలు. మొదటి ముద్ర నాయినది. ఏటా బతుకమ్మకు మా గల్లీకి వచ్చి దండం పెట్టిపోయే ఆ ఎమ్మెల్యే కాగితాన్ని రెండు చేతులా అందుకుని, "నేనున్నాను కదా బాబా" అన్నాడు. ఆ రోజు నాయిన చాల్ మెట్లెక్కిన తీరు చూస్తే పెళ్లికొడుకు అనుకోవాలి.

నాలుగో రోజు పొద్దున పదింటికి ఆరుగురు వచ్చారు. అయిదుగురి చేతుల్లో ఇనుప రాడ్లు, ఒకడి చేతిలో కాగితం. ఒప్పుకున్నవాళ్ల తలుపు ఒక్కటి కూడా తట్టలేదు. కాగితం చూసుకుంటూ నేరుగా మా ఖోలీకి వచ్చారు. నా కుట్టుమిషను పగలగొట్టారు. నాయిన అడ్డం పోతే మోకాలి మీద కొట్టారు. పడ్డాక ఒకడు ఆయన కుడిచేతిని గడప మీద అదిమిపట్టాడు. "ఈ వేలితోనే కదా ముద్రేశావు ముసలోడా" అని హిందీలో అంటూ ఇంకొకడు రాడ్డు దించాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను వాడి ముంజేయి కండ ఊడేలా కొరికాను. వాడు నా జుట్టు పట్టి తలను గోడకేసి బాదాడు. నేను పడ్డచోట, నా మొహం పక్కనే ఆ కాగితం పడింది. అది నా అర్జీకి జెరాక్సు.

తర్వాత వాళ్లు మిగతా పదమూడు ఖోలీలకూ వరుసగా వెళ్లారు.

నాయినను ఆస్పత్రిలో చేర్చాక పక్క ఖోలీ ఆమె నాకొక రంగుల పుస్తకం చూపించింది. బిల్డరు ఒప్పుకున్నవాళ్లకే పంచిన పుస్తకమది. అందులో మా ఎమ్మెల్యే ఫొటో, కింద 'సలహాదారు' అని ఉంది.

"నీకు తెల్వదా అక్కా? ఆయనకు ఆ కంపెనీ నెలనెలా జీతమిస్తది" అంది.

బస్సు కూడా ఎక్కకుండా ఎమ్మెల్యే ఆఫీసుకు నడిచాను. కాగితం బిల్డరు చేతికి ఎట్లా పోయిందని అడిగితే తెలియదన్నాడు. జీతం సంగతి మాత్రం దాచలేదు. "సర్కారు జీతం వచ్చే ఇంకో పదవి పట్టకూడదు గానీ, ప్రైవేటు ఉద్యోగం చేయొద్దని ఏ చట్టంలో ఉంది తాయీ? నువ్వు బ్లౌజులు కుడతావు, ఇళ్లలో వంట చేస్తావు. నేను రెండు పనులు చేస్తే తప్పా?"

నేను కుట్టే బ్లౌజు నేను వండే ఇంటివాళ్ల గొంతు కోయదు. ఓట్లడిగి గెలిచినవాడు ఆ అయిదేళ్లూ ఇంకొకడి జీతం ముట్టకూడదని చట్టం రావాలి. కానీ ఆ చట్టం చేయాల్సింది ఆయనే, ఆయనలాంటివాళ్లే. ఇదంతా చెప్పేంత ఓపిక నాకప్పుడు లేదు. బల్ల మీది పేపర్‌వెయిట్ తీసి మొహం మీదికి విసిరాను. కనుబొమ్మ చిట్లి తెల్లచొక్కా నిండా రక్తం కారింది. నాకు హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

విధుల్లో ఉన్న ప్రజాప్రతినిధి మీద దాడి చేశానని పోలీసులు కేసు రాశారు. "ఏ డ్యూటీల ఉన్నడు సాబ్? మా డ్యూటీలనా, బిల్డర్ డ్యూటీలనా?" అని అడిగాను. లేడీ కానిస్టేబుల్ నా చెంప పగలగొట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బిల్డరు మనిషి నాయినను ఆస్పత్రి నుంచి స్టేషనుకు తెచ్చాడు. ఖోలీ ఖాళీ చేస్తానని నాయిన ముద్ర వేస్తే ఎమ్మెల్యే కేసు వెనక్కి తీసుకుంటాడట. "వెయ్యకు నాయినా, నేను జైలుకు పోతా" అని ఊచలు పట్టుకుని అరిచాను. నాయిన నావైపు చూడలేదు. కుడిచేతికి కట్టు ఉంది కదా, ఎడమచెయ్యి చాపాడు. మొదటి ముద్ర చెదిరింది. మళ్లీ వేయించారు.

నన్ను వదిలేశారు. ఫోరస్ రోడ్డు మీద నాయిన కుంటుకుంటూ ముందు నడిచాడు. రాడ్లకు లొంగని మనిషిని నా కోపం లొంగదీసింది. నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపించింది.

"నన్ను తిట్టు నాయినా" అన్నాను.

ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ముద్రేసినోళ్లకు సామాన్లు కట్టుకోను గోనెసంచులు ఇస్తున్నరట బిడ్డా. పోయి నాలుగు అడుగు."