షెరీఫ్ గారిని నేను బదిలీ చేసిన రోజు

ఒక్క బటన్ నొక్కి అమెరికాలో ఓ పోలీసు పెద్దని కుర్చీలోంచి లేపేసిన ఘనురాలిని నేను. అప్పుడే నవ్వకండి, ముందు వినండి. తర్వాత ఆపుకుందామన్నా మీ వల్ల కాదు.

ఐటీ ఉద్యోగాలు వానాకాలం పుట్టగొడుగుల్లా మొలుస్తున్న రోజులు. సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఓ చిన్న కంపెనీలో నేను ప్రోగ్రామర్‌ని. అమెరికాలో ఓ జిల్లా, వాళ్ల భాషలో కౌంటీ, దాని షెరీఫ్, అంటే పోలీసు పెద్ద, ఆఫీసుకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని మాకొచ్చింది. మా బాస్ టాన్, "పోలీసుల పని ఎట్లా ఉంటుందో ఎవరికైనా తెలుసా?" అన్నాడో లేదో, నా చెయ్యి లేచింది.

"మా నాన్న హెడ్ కానిస్టేబుల్!"

అంతే, స్క్రీన్లన్నీ నాకే అప్పగించాడు. పనిలో పనిగా, "ఈ కాంట్రాక్ట్ పోతే మన టీమ్ ఉండదు లా," అని సింగపూర్‌వాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా బాంబు కూడా వేశాడు. టీమ్ లేకపోతే ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే నా వర్క్ పాస్ ఉండదు. పాస్ లేకపోతే క్లెమెంటిలో అద్దె గది ఖాళీ చేసి, పెట్టె సర్దుకుని గుంటూరు బండెక్కడమే.

కౌంటీవాళ్లు పంపిన వివరాల్లో జైలు, కోర్టు సమన్లు, పల్లెల్లో గస్తీ, అన్నీ ఉన్నాయి. బదిలీ లేదు! పోలీసు శాఖలో బదిలీ లేకపోవడమేంటండీ, పెళ్లిలో పెళ్లికొడుకు లేనట్టు! మా నాన్న ఎమ్మెల్యే గారి బామ్మర్ది స్కూటర్ ఆపినందుకు మాచర్లకి, అక్కడ బుద్ధి తెచ్చుకుని ఇంకెవరి స్కూటరో ఆపనందుకు రేపల్లెకి వెళ్లిన మనిషి. ఎట్లాగూ దింపాల్సిందేనని మా అమ్మ గిన్నెలు అటకెక్కించడం మానేసింది. పాపం, అమెరికావాళ్లు మర్చిపోయుంటారని జాలిపడి నేనే ఓ బదిలీ స్క్రీన్ చేసేశాను. కారణం అన్నచోట ఎంచుకోవడానికి మూడు పెట్టాను: పరిపాలనా సౌలభ్యం, ప్రజల ఫిర్యాదు, స్థానిక నాయకుడి కోరిక.

ఈ ఘనకార్యం మా రూమ్మేట్ సుజాతకి హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తింటూ చెప్పాను. కరీంనగర్ పిల్ల, మొహమాటం తెలీదు.

"వాళ్లు అడగనిది నువ్వెందుకు చేస్తున్నవే? ఓసారి అడగరాదు?"

"అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంది?"

"సర్‌ప్రైజ్ నీకే అయితది చూడు."

బదిలీ చేసి చూపించాలంటే కొత్తగా వచ్చే ఆఫీసర్ కూడా కావాలిగా. వాళ్ల ఊరి పత్రిక వెబ్‌సైట్‌లో షెరీఫ్ గారి ఫొటో పక్కనే ఓ మీసాలాయన కనిపించాడు. కింద ఏం రాశారో చదివే ఓపిక ఎవరికుంది? ఆయన్నే పెట్టేశాను.

ఏదో సదస్సుకని సింగపూర్ వచ్చిన షెరీఫ్ గారు డెమో చూడ్డానికి స్వయంగా మా ఆఫీసుకొచ్చారు. తలుపు కంటే కాస్తే పొట్టి. జైలు స్క్రీన్ చూసి తలూపారు. సమన్ల స్క్రీన్ చూసి "గుడ్" అన్నారు. టాన్ మొహం వెలిగిపోయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. నేనసలు ఊరుకుంటే కదా, ఉత్తమం సంగతి తేలడానికి!

"సార్, ఇంకొకటుంది!" అని బటన్ నొక్కాను.

తెర మీద షెరీఫ్ గారు మాయం, మీసాలాయన ప్రత్యక్షం. కింద పెద్దక్షరాల్లో, కారణం: స్థానిక నాయకుడి కోరిక.

"నన్నెక్కడికి పంపావు?" అన్నారు షెరీఫ్ గారు మెల్లగా.

"పక్క కౌంటీకే సార్. పిల్లల చదువులు పాడవకుండా దగ్గర్లోనే వేశాను."

"మరి ఇతనెవరు?"

"మీ స్థానంలో వచ్చే ఆఫీసర్ సార్!"

"ఇతను ఈసారి ఎన్నికల్లో నా మీద పోటీ చేస్తున్నాడమ్మా."

"పోలీసుకి ఎన్నికలేంటి సార్?"

టాన్ కళ్లు మూసుకున్నాడు. నాకు మాత్రం గుంటూరు స్టేషన్ ప్లాట్‌ఫారం కళ్లకి కట్టింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొక్కటే తక్కువ.

"మా దగ్గర షెరీఫ్‌ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. గవర్నర్ కూడా బదిలీ చెయ్యలేడు," అన్నారాయన. "మా కౌంటీ తొలి షెరీఫ్‌కి జైలంటే ఇంటి వెనక గదే. ఖైదీలకి వాళ్లావిడే వండిపెట్టేది. ఆవిడ చేతి వంట వల్లే రెండోసారి గెలిచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు."

భయమేస్తే నా నోరు అస్సలు ఆగదు. "అయితే మీకు ఓటేసినవాణ్ణే అరెస్ట్ చేయాల్సొస్తే ఎట్లా సార్?"

"అదేనమ్మా మా అసలు బాధ!" అని ఆయన బల్ల గుద్ది మరీ నవ్వారు. ఆ నవ్వులోనే కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టారు. "ఆ బటన్ మాత్రం తియ్యకు, మావాళ్లకి చూపించాలి," అన్నారు.

ఆయన్ని సాగనంపి వచ్చిన టాన్, "నిన్ను బదిలీ చేసే బటన్ ఉందా లా?" అని మాత్రం అడిగాడు.

ఎన్నికలు రానే వచ్చాయి. మా షెరీఫ్ గారు ఓడిపోయారు! మీసాలాయన గెలిచాడు. పాతాయన పెట్టిన సంతకాన్ని కొత్తాయన ఉంచుతాడా, చింపుతాడా? ఆ బెంగతో నాకు ముద్ద దిగలేదు. "నువ్వు నొక్కితివి, ఆయన దిగిండు. ఏం చెయ్యే అది తల్లీ!" అని సుజాత పుండు మీద కారం చల్లింది.

చివరికి కొత్త షెరీఫ్ దగ్గర్నుంచి ఈమెయిలొచ్చింది. టాన్ పైకి చదివాడు.

"సాఫ్ట్‌వేర్ బాగుంది, కొనసాగించండి. ఆ బటన్ సంగతి మావాళ్లు చెప్పారు. నేను కుర్చీలో కూర్చునే లోపు దాన్ని తీసేయండి."

అందుకని, మా నాన్న ఖాకీ టోపీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: జనం గెలిపించిన మనిషిని ఈ జన్మలో మళ్లీ బదిలీ చెయ్యను. చెయ్యక తప్పదంటే, ముందు ఎన్నికలెప్పుడో కనుక్కుంటాను.